సోవియట్ చెస్ చాంపియన్‌షిప్: క్లాసులో నేను వినే అపోహలు, అసలు వాస్తవాలు

విజయవాడలో పద్దెనిమిదేళ్ళుగా పిల్లలకు చెస్ నేర్పుతున్నాను. మా క్లాసు గోడకి ఒక పట్టిక అతికించి ఉంటుంది. 1973 అక్టోబరులో మాస్కోలో జరిగిన 41వ సోవియట్ జాతీయ చాంపియన్‌షిప్ ఫలితాలవి. పద్దెనిమిది పేర్లు, ఎవరు ఎవరి మీద గెలిచారో, ఎవరితో డ్రా చేసుకున్నారో చూపించే ఒకట్లు, సున్నాలు, అరలు. పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు దాని ముందు ఆగి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. "సార్, యాభై ఏళ్ళ నాటి ఆటలు ఇప్పుడెందుకు? అయినా అవన్నీ గవర్నమెంటు ముందే రాసిపెట్టిన ఫలితాలట కదా?"

ఆ పేర్లు ఒకసారి చూడండి. స్మిస్లోవ్, తాల్, పెత్రోస్యాన్, స్పాస్కీ అనే నలుగురు మాజీ ప్రపంచ చాంపియన్లు. రెండేళ్ళలో ప్రపంచ చాంపియన్ కాబోతున్న కార్పోవ్. కోర్చ్‌నోయ్, కెరెస్, గెల్లర్, పొలుగయేవ్‌స్కీ, తైమనోవ్. ఇదంతా ఒక దేశం తన జాతీయ చాంపియన్‌ని ఎంచుకోవడానికి పెట్టుకున్న పోటీ. ఇంతమంది ఒకే హాల్లో కూర్చున్న అంతర్జాతీయ టోర్నమెంట్లు కూడా ఆ రోజుల్లో అరుదే. అందుకే దీని మీద ఉన్న అపోహలను ఒక్కొక్కటిగా విప్పి చెప్పాలనిపించింది.

అపోహ: ఎవరు గెలవాలో పైవాళ్ళే ముందుగా నిర్ణయించేవారు.

నేను ఎక్కువగా వినేది ఇదే. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే ఇది ఇన్నాళ్ళు బతికింది. ఆ నిజమేంటో, అది ఎక్కడితో ఆగిపోతుందో చూడాలి.

1973నే తీసుకుందాం. అంతకు ముందు ఏడాది ఐస్‌లాండ్ రాజధాని రెయిక్‌యవిక్‌లో స్పాస్కీ 12.5-8.5 తేడాతో అమెరికన్ ఆటగాడు ఫిషర్‌కి ప్రపంచ కిరీటం పోగొట్టుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళుగా సోవియట్ చేతిలో ఉన్న కిరీటం అది. క్రీడాధికారులు ఆయన మీద ఎంత గుర్రుగా ఉన్నారో చెప్పక్కర్లేదు. వాళ్ళ ఆశలన్నీ అప్పటికే 22 ఏళ్ళ కార్పోవ్ మీద ఉన్నాయి. ఫలితం పైనుంచే వచ్చేదైతే ఆ ఏడాది ఎవరు గెలవాలి? కానీ గెలిచింది స్పాస్కీ. 17 ఆటల్లో 11.5 పాయింట్లు. ఒక పాయింటు వెనకాల కార్పోవ్, కోర్చ్‌నోయ్, కుజ్‌మిన్, పెత్రోస్యాన్, పొలుగయేవ్‌స్కీ, అయిదుగురూ సమానంగా 10.5 దగ్గర ఆగారు. నిరుడు ఓడిపోయిన మనిషి తన దేశంలోని అతి గట్టి పోటీలో అందరికంటే పైన నిలబడ్డాడు.

మరి ప్రభుత్వం చెయ్యి ఎక్కడ ఉండేది? బోర్డు అవతల. విదేశాలకు ఎవర్ని పంపాలి, ఎవరికి అవకాశం ఇవ్వాలి అనేదాంట్లో. దీనికి లెవెన్‌ఫిష్ కథ చాలు. 1937లో ఆయన జాతీయ చాంపియన్. అదే ఏడాది, తర్వాత ప్రపంచ చాంపియన్ అయిన బోత్విన్నిక్ ఆయనతో మ్యాచ్ ఆడాడు, అది సమంగా ముగిసింది, టైటిల్ లెవెన్‌ఫిష్ దగ్గరే ఉండిపోయింది. అయినా 1938లో ప్రపంచపు మేటి ఆటగాళ్ళ కోసం హాలండ్‌లో జరిగిన ఆవ్‌రో టోర్నమెంట్‌కి పంపింది బోత్విన్నిక్‌నే. బోర్డు మీద ఎంత గెలిచినా ఆ తలుపు లెవెన్‌ఫిష్‌కి తెరుచుకోలేదు. నాకు ఈ కథ చెప్పిన ప్రతిసారీ బాధగానే ఉంటుంది. సోవియట్ చెస్‌కి పునాది వేసిన అధికారి క్రిలెంకోనే 1938లో కాల్చి చంపించిన పాలన అది. భయం నిజం, ఒత్తిడి నిజం. అలాగని బోర్డు మీద ఆడిన ఆటలన్నీ అబద్ధమంటే, ఆ భయం మధ్యే కూర్చుని ఒక్కో ఎత్తు ఆలోచించుకున్న మనుషులకు అన్యాయం చేసినట్టు అవుతుంది.

అపోహ: వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని డ్రాలు చేసుకునేవారు.

ఇది ఫిషర్ వేసిన నింద. 1962లో కురసావ్ దీవిలో జరిగిన క్యాండిడేట్స్ టోర్నమెంట్ (ప్రపంచ చాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే పోటీ) తర్వాత ఆయన దీన్ని బహిరంగంగా రాశాడు. అక్కడ పెత్రోస్యాన్, కెరెస్, గెల్లర్ ముగ్గురూ తమలో తాము ఆడిన 12 ఆటలూ డ్రా అయ్యాయి, చాలావరకు చిన్న డ్రాలే. కాబట్టి ఆ నింద గాల్లోంచి పుట్టింది కాదు. ఆ తర్వాత అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే కూడా క్యాండిడేట్స్‌ని టోర్నమెంట్ నుంచి ముఖాముఖి మ్యాచ్‌లుగా మార్చింది.

కానీ ఆ నిందని జాతీయ చాంపియన్‌షిప్‌కి కూడా అంటగట్టడం తప్పు. బయటి టోర్నమెంట్‌లో ఫిషర్ అనే ఉమ్మడి ప్రత్యర్థి ఉన్నాడు. ఇంటి పోటీలో ఎవరికి ఎవరు ఉమ్మడి? పైగా కొన్ని ఏళ్ళలో ఈ చాంపియన్‌షిప్పే ప్రపంచ పోటీల మెట్టు. మొదటి కొద్దిమందికే క్యాండిడేట్స్‌కి ముందు మెట్టయిన ఇంటర్‌జోనల్‌కి వెళ్ళే అవకాశం. అయిదో స్థానంలో నిలిచినవాడికి ప్రపంచ కిరీటం మీద ఆశ మరో మూడేళ్ళు వాయిదా. అలాంటి చోట అర పాయింటు ఎవరూ ఊరికే ఇవ్వరు.

అపోహ: వాళ్ళంతా రష్యన్లే.

పెత్రోస్యాన్ జార్జియాలోని తిబిలిసిలో పుట్టిన ఆర్మేనియన్. తాల్‌ది లాత్వియాలోని రీగా. కెరెస్ ఎస్తోనియా, గెల్లర్ ఉక్రెయిన్‌లోని ఒదెస్సా, కాస్పరోవ్ అజర్‌బైజాన్‌లోని బాకూ. మహిళల చాంపియన్‌షిప్‌లో అయిదుసార్లు గెలిచిన నోనా గప్రిందష్విలి జార్జియా. పోటీ కూడా మాస్కో, లెనిన్‌గ్రాడ్‌ల్లోనే కాకుండా కీవ్, తిబిలిసి, బాకూ, మిన్‌స్క్ దాకా తిరిగేది. మా పిల్లలు ఈ ఊళ్ళని మ్యాప్‌లో వెతుక్కుంటారు, అంతకంటే ఇక్కడ చెప్పాల్సింది లేదు.

అపోహ: చిన్నప్పుడే ఏరేసి చెస్ తప్ప ఇంకేం నేర్పేవారు కాదు, అందుకే గెలిచారు.

దీన్ని నమ్మి పిల్లల్ని స్కూల్ మాన్పించాలా అని అడిగే తండ్రుల్ని చూశాను. వాళ్ళకి ముగ్గురి పేర్లు చెప్తాను. ఆరుసార్లు జాతీయ చాంపియన్ అయిన బోత్విన్నిక్ విద్యుత్ ఇంజనీరు, డాక్టరేట్ చేసినవాడు. తైమనోవ్ కచేరీలిచ్చే పియానో కళాకారుడు. స్మిస్లోవ్ బొల్షోయ్ థియేటర్‌లో పాడాలని ఎంపికకు కూడా వెళ్ళిన గాయకుడు.

డబ్బు, సదుపాయాలు మొదటి నుంచీ పొంగిపొర్లాయన్నదీ నిజం కాదు. తర్వాతి కాలంలో మొదటి సోవియట్ చాంపియన్‌షిప్‌గా లెక్కించిన పోటీ 1920లో, అంతర్యుద్ధం నడుస్తుండగా మాస్కోలో జరిగింది. ఆటగాళ్ళు ఆకలికి ఓర్చుకోలేక, తిండి పెంచకపోతే ఆడమని అధికారులకు విన్నవించుకోవాల్సి వచ్చింది. ఆ పోటీ గెలిచిన అల్యోఖిన్ మరుసటి ఏడాదే దేశం విడిచి వెళ్ళిపోయాడు.

అపోహ: ఆట మధ్యలో ఆపి ఇంటికెళ్ళి పుస్తకాలు చూసుకునేవారు. అదేం గొప్ప?

ఈ మాట ఎక్కువగా ఆన్‌లైన్‌లో మూడు నిమిషాల ఆటలు ఆడే పెద్ద పిల్లల నుంచి వస్తుంది. వాళ్ళ తప్పేం లేదు, ఆట వాయిదా పడడం వాళ్ళెప్పుడూ చూడలేదు కదా.

అప్పటి పద్ధతి ఇదీ. ఒక్కొక్కరికి 40 ఎత్తులకు రెండున్నర గంటలు. అయిదు గంటలు ఆడాక కూడా ఆట తేలకపోతే వాయిదా. ఎవరి వంతు వస్తే వాళ్ళు తమ తర్వాతి ఎత్తుని బోర్డు మీద ఆడకూడదు. స్కోర్‌షీట్ మీద ఎదుటివాడికి కనపడకుండా రాసి కవర్‌లో పెట్టాలి. ఆర్బిటర్, అంటే పోటీ న్యాయనిర్ణేత, ఆ కవర్ అంటించి తన దగ్గర పెట్టుకుంటాడు. కవర్ మీద పావులు ఎక్కడున్నాయో, ఎవరికెంత టైమ్ మిగిలిందో రాస్తారు. రాసినవాడికి తన ఎత్తు తెలుసు, ఎదుటివాడికి తెలియదు. ఇక ఇద్దరూ రాత్రంతా బోర్డు ముందే. అప్పట్లో ఎత్తులు లెక్కించి చెప్పే కంప్యూటర్ ఇంజిన్ అనేది లేదు. మన మెదడు, చేతనైతే ఒక స్నేహితుడి మెదడు, అంతే.

1958 రీగా. 25వ చాంపియన్‌షిప్, ఇంటర్‌జోనల్‌కి నలుగురికే చోటు. చివరి రౌండ్‌లో స్పాస్కీ తెల్లపావులతో తాల్‌ని ఎదుర్కొన్నాడు. స్పాస్కీకి అప్పుడే 21 నిండాయి, తాల్‌కీ 21 ఏళ్ళే, పైగా సొంత ఊరు. ఆట వాయిదా పడే సమయానికి స్పాస్కీది పైచేయి. రాత్రంతా కూర్చుని ఆ స్థితిని తవ్వుతూనే ఉన్నాడు. పొద్దున్నే నిద్రలేని కళ్ళతో హాలుకి వచ్చాడు. తాల్ దొరక్కుండా తప్పించుకుంటూ పోయాడు. గెలుపు చేజారింది, ఆ తర్వాత డ్రా కూడా చేజారింది. 73వ ఎత్తు దగ్గర స్పాస్కీ ఓడిపోయాడు. బయటికొచ్చి వీధిలో ఏడ్చానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. తాల్ చాంపియన్ అయ్యాడు. అతనితో పాటు పెత్రోస్యాన్, బ్రోన్‌స్టీన్, అవెర్బాఖ్ ఇంటర్‌జోనల్‌కి వెళ్ళారు. రెండేళ్ళలో తాల్ బోత్విన్నిక్‌ని ఓడించి ప్రపంచ చాంపియన్ అయిపోయాడు. స్పాస్కీకి ఆ చోటు దక్కడానికి 1969 దాకా పట్టింది. మధ్యలో 1961లో కూడా చివరి రౌండ్‌లో స్టీన్ చేతిలో ఓడి ఇంకోసారి ఇంటర్‌జోనల్ పోగొట్టుకున్నాడు. అదే ఏడాది చివర్లో బాకూలో జరిగిన తర్వాతి చాంపియన్‌షిప్ గెలిచాడు.

మా క్లాసులో నెలకొకసారి వాయిదా ఆట పెడతాను. శనివారం సాయంత్రం ఆరింటికి గడియారాలు ఆపేస్తాం. వంతు ఉన్న పిల్లాడు ఎత్తు రాసి, పెళ్ళి చదివింపుల కవర్‌లో పెట్టి నాకిస్తాడు. ఇంట్లో ఫోన్ ముట్టుకోకూడదని ఒట్టు. ఒకసారి ఆరో తరగతి పాప ఒకత్తె ఆదివారం పొద్దున్నే రూళ్ళ నోట్‌బుక్‌తో వచ్చింది. నాలుగు పేజీల నిండా పెన్సిల్‌తో ఎత్తులు, కొట్టివేతలు, బాణం గుర్తులు. ఒక ఏనుగు, మూడు బంట్లు మిగిలిన ఎండ్‌గేమ్ అది. "సార్, నేను కవర్‌లో తప్పు ఎత్తు రాశాను. రాత్రి పదింటికి తెలిసింది. అయినా డ్రా దొరుకుతుందేమోనని చూశాను" అంది. ఆ నాలుగు పేజీల్లో ఆ పాప నేర్చుకున్నది నేను నెల రోజులు నేర్పినా రాదు. అప్పటివాళ్ళకి ఇది ప్రతి టోర్నమెంట్‌లోనూ, వారానికి రెండు మూడుసార్లు జరిగేది. ఎండ్‌గేమ్‌లో వాళ్ళకంత పట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే నా సమాధానం ఇదే.

అపోహ: ఇంజిన్ పెట్టి చూస్తే ఆ ఆటల నిండా తప్పులే. ఇప్పుడు పనికిరావు.

తప్పులు ఉన్నాయి. ఉండాలి కూడా, మనుషులు ఆడిన ఆటలవి. కానీ పిల్లలకి ఇంజిన్ ఎత్తు చెప్తుంది, ఆలోచన చెప్పదు. పెత్రోస్యాన్ ఆట ముందు పెట్టుకుని "ఈయన ఇక్కడ దేనికి భయపడ్డాడు?" అని అడిగితే పదేళ్ళ పిల్లాడు కూడా జవాబు వెతుకుతాడు.

ఇంకో మాట. గోడ మీది పట్టికలో కింది సగంలో స్వేష్నికోవ్ అనే పేరుంది. చెల్యాబిన్‌స్క్ కుర్రాడు. సిసిలియన్ డిఫెన్స్ అనే ఆరంభంలో నల్లపావులతో బంటుని తొందరగా ఈ5 గడికి తోసే పద్ధతిని పట్టుకుని ఏళ్ళ తరబడి దాని మీదే పనిచేశాడు. డీ6లో బంటు బలహీనపడుతుంది, డీ5 గడి ఎదుటివాడికి దక్కుతుంది, ఇది నిలవదని చాలామంది అన్నారు. 2018లో లండన్‌లో కారువానాతో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడినప్పుడు అప్పటి చాంపియన్ కార్ల్‌సన్ నల్లపావులతో నమ్ముకున్నది స్వేష్నికోవ్ పేరున్న ఆ వేరియేషన్‌నే, అదీ ఒకటికి మూడుసార్లు. పాతదని పక్కన పెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

మనకీ దీనికీ సంబంధం లేదనుకోవద్దు. విశ్వనాథన్ ఆనంద్ చిన్నప్పుడు ఆడుకున్నది మద్రాసులోని సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో, మిఖాయిల్ తాల్ పేరు పెట్టిన చెస్ క్లబ్‌లో.

అపోహ: ఇలాంటి పోటీలో అడుగున మిగిలినవాడు ఇక పైకి రాడు.

ఇది సోవియట్ చెస్ గురించే కాదు, నా దగ్గరికొచ్చే ప్రతి కన్నీటి వెనకాలా ఉండే మాట. పోయినేడాది మా పిల్లాడొకడు జిల్లా పోటీలో చివరి స్థానంలో వచ్చాడు. వాళ్ళ నాన్న ఫోన్ చేసి, "మానిపించేద్దామనుకుంటున్నాం సార్, వాడికి రాత ఉన్నట్టు లేదు" అన్నారు. ఒక్కసారి తీసుకురమ్మని బతిమాలాను.

పిల్లాణ్ణి గోడ దగ్గరికి తీసుకెళ్ళి పట్టికలో పద్దెనిమిదో వరుస చదవమన్నాను. బెల్యావ్‌స్కీ. ల్వోవ్ కుర్రాడు, 19 ఏళ్ళు, ఆ ఏడాదే ప్రపంచ జూనియర్ చాంపియన్ అయి వచ్చాడు. మొదటిసారి ఈ పెద్దల మధ్య కూర్చున్నాడు, అందరికంటే కింద మిగిలాడు. తర్వాత 1974లో లెనిన్‌గ్రాడ్‌లో జరిగిన 42వ చాంపియన్‌షిప్ పట్టిక తీసి పక్కన పెట్టాను. 15 ఆటల్లో 9.5 పాయింట్లతో ఇద్దరు సమానంగా మొదటి స్థానంలో ఉన్నారు. ఒకరు తాల్. రెండో పేరు పిల్లాడే చదివాడు. చదివి వెనక్కి తిరిగి, "సార్, మధ్యలో ఉన్న ఈ ఏడాదిలో ఆయన ఆడిన ఆటలు మన దగ్గరున్నాయా?" అని అడిగాడు.

ఉన్నాయి. ఇప్పుడు వారానికి రెండు చొప్పున చూస్తున్నాం, వాళ్ళ నాన్న కూడా పక్కనే కూర్చుంటున్నారు.