రూట్‌కి 20, స్వాప్‌కి రెట్టింపు: ఈ లెక్క ఎక్కడిది?

"అన్నా, రూట్‌కి ఎంత ఇమ్మంటావ్?" భీమవరం, అమలాపురం ఇంజినీరింగ్ హాస్టళ్లలో లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించుకునే పిల్లలు డిస్కుని భాగాలుగా, అంటే పార్టిషన్లుగా, విడగొట్టేటప్పుడు సీనియర్లని ముందుగా అడిగేది ఇదే. జవాబు నోటికి వచ్చేసి ఉంటుంది: రూట్‌కి (సిస్టమ్ ఫైళ్లుండే భాగం) 20 జీబీ, స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) ర్యామ్‌కి రెట్టింపు, మిగిలిందంతా హోమ్‌కి (మన సొంత ఫైళ్లుండే భాగం). కొన్నాళ్లకి పాస్‌వర్డ్ కొట్టినా మళ్లీ లాగిన్ స్క్రీనే వస్తుంది. టెర్మినల్‌లో, డిస్కు ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్ ఇస్తే రూట్ ఎదురుగా 100 శాతం, హోమ్ ఎదురుగా 9 శాతం. ప్రోగ్రాములని ప్యాక్ చేసి నడిపే డాకర్ అనే టూల్ దించుకున్న ఇమేజ్‌లన్నీ రూట్ కింద వార్ (var) ఫోల్డర్‌లో చేరి కూర్చున్నాయి మరి.

ఈ అంకెలు ఒక్కసారిగా పుట్టినవి కావు. ఒక్కో కాలంలో ఒక్కో ఇరుకు వచ్చి, ఒక్కో అలవాటు మిగిల్చి పోయింది. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ (లినక్స్ అనుసరించిన పాత ఆపరేటింగ్ సిస్టమ్) రాస్తున్నప్పుడు డిస్కు అంటే కొద్ది మెగాబైట్లే. ఒక డిస్కులో పట్టనిది రెండో డిస్కులో పెట్టి, దాన్ని యూఎస్‌ఆర్ అన్నారు. ఆ సర్దుబాటే తర్వాత పద్ధతి అయిపోయింది. కమాండ్‌లుండే బిన్ ఫోల్డర్‌ని యూఎస్‌ఆర్‌లో కలిపేయడానికి ఫెడోరా అనే లినక్స్ రకానికి 2012 దాకా పట్టింది.

కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్లుండే బూట్ పార్టిషన్‌ది ఇంకో కథ. పాత బయాస్‌కి (కంప్యూటర్ ఆన్ చేయగానే నడిచే ప్రోగ్రామ్) 1024వ సిలిండర్ (డిస్కుని లెక్కపెట్టే ఒక కొలత) దాటితే డిస్కు కనపడేది కాదు. లినక్స్‌ని మొదలుపెట్టే లిలో అనే బూట్ లోడర్ బయాస్ మీదే ఆధారపడేది కాబట్టి లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌ని డిస్కు మొదట్లోనే ఒక చిన్న పార్టిషన్‌లో ఉంచేవారు. స్వాప్ రెట్టింపు కూడా ఉత్తమాట కాదు. 2001లో వచ్చిన 2.4 కెర్నెల్ తొలి వెర్షన్లకి నిజంగానే అంత కావాల్సి వచ్చేది. అప్పట్లో ర్యామ్ 64 ఎంబీ, మహా అయితే 128. ఇప్పుడు 16 జీబీ ర్యామ్ చూసి 256 జీబీ ఎస్‌ఎస్‌డీలో 32 జీబీ స్వాప్‌కి రాసివ్వడం దండగ. హైబర్నేట్ (ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కులో దాచి ఆపడం) వాడేవాళ్లు మాత్రం ర్యామ్‌కి సమానంగా పెట్టుకోవాలి.

డెల్టాలో బాగా పనికొచ్చిన జాగ్రత్త ఒకటుంది, హోమ్‌ని విడిగా పెట్టడం. ఈఎక్స్‌టీ2 అనే పాత ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్లని అమర్చే పద్ధతి) రోజుల్లో కరెంటు పోయి వస్తే సిస్టమ్ డిస్కు మొత్తం తనిఖీ చేసుకుంటూ కూర్చునేది. వేసవి కోతలకీ, తుఫాను రాత్రులకీ అలవాటుపడ్డ ఊళ్లలో అది మామూలు టెన్షన్ కాదు. పార్టిషన్లు వేరైతే దెబ్బ ఒకదానితో ఆగేది. 2001 చివర్లో జర్నల్ (మార్పులని ముందే రాసిపెట్టుకునే చిట్టా) ఉన్న ఈఎక్స్‌టీ3 కెర్నెల్‌లోకి వచ్చాక ఆ తనిఖీ క్షణాల్లోకి దిగింది.

అంకెలంటే భయం ఎందుకంటే, తర్వాత మార్చడం నిలువు చేలో గట్టు జరిపినట్టు ఉంటుంది. ఈఎక్స్‌టీ4ని వాడుతూనే పెంచొచ్చు, రూట్‌ని తగ్గించాలంటే మాత్రం పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలి. ఈ ఇబ్బందికే 1998లో, భాగాల సైజుని తేలిగ్గా మార్చనిచ్చే ఎల్‌వీఎం వచ్చింది. 2020లో ఫెడోరా 33 డెస్క్‌టాప్‌కి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌నే డిఫాల్ట్ చేసింది. అందులో రూట్, హోమ్ రెండూ ఒకే చోటుని పంచుకుంటాయి. ఉబుంటు అనే మరో లినక్స్ రకం కూడా 17.04 వెర్షన్ నుంచి స్వాప్ పార్టిషన్ బదులు ఫైలు పెడుతోంది.

256 జీబీ ఎస్‌ఎస్‌డీ మొత్తం లినక్స్‌కే అయితే బూట్ అవడానికి కావాల్సిన ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి 512 ఎంబీ, మిగతాదంతా రూట్‌కే ఇవ్వడం నయం. డిస్ట్రోలు (లినక్స్ రకాలు) తరచూ మార్చేవాళ్లు హోమ్ విడదీసుకోవచ్చు, కానీ రూట్‌కి 60 జీబీకి తగ్గకూడదు. డాకర్ వాడితే 100 ఇవ్వండి.