బండి టాపు మీద సోలార్ ప్యానెళ్లు: అపోహలు - వాస్తవాలు

టెంపో ట్రావెలర్‌నో, చిన్న వ్యాన్‌నో క్యాంపర్‌గా మార్పించుకునేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని వాట్లు పెట్టాలి?" అని. విశాఖలో అంతకంటే ముందు అడగాల్సింది "దేంతో బిగిస్తున్నారు?" అని. ప్యానెల్ పాతికేళ్లు పనిచేసేలా తయారవుతుంది. దాని కింద ఉండే బోల్టు, గమ్ము, చిల్లు సరిగా లేకపోతే మాత్రం ఈ ఉప్పుగాలిలో రెండు వానాకాలాలు గడవడమే కష్టం.

అపోహ: గమ్ముతో అతికిస్తే గాలికి ఊడిపోతుంది. బోల్టు వేస్తేనే గట్టి.

ముందు గాలి లెక్క చూడండి. 200 వాట్ల ప్యానెల్ దాదాపు ఒక చదరపు మీటరు ఉంటుంది. బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే అంత వైశాల్యం మీద గాలి ఒత్తిడి సుమారు 30 కిలోలు. దానికి గంటకు 40 కిలోమీటర్ల ఎదురుగాలి కూడా కలిసిందంటే 68 కిలోలు. వేగం ఒకటిన్నర రెట్లు పెరిగితే బలం రెండుంబావు రెట్లవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఇక్కడ తీరం దాటినప్పటి 180 కిలోమీటర్ల గాలికైతే, నిలిపి ఉంచిన బండి మీద కూడా 150 కిలోలు దాటుతుంది.

ముందు అద్దం అతికించే పాలీయురేథేన్ గమ్ము ఈ బలాన్ని తట్టుకుంటుంది. ఊడేది గమ్ము దగ్గర కాదు, దాని కింద పెయింటు దగ్గర. పుట్టీ పెట్టి మళ్లీ రంగు వేసిన పాత టాపు మీద గమ్ము రంగును గట్టిగానే పట్టుకుంటుంది, ఆ రంగే రేకును వదిలేస్తుంది. అందుకే కంపెనీ పెయింటు చెదరని టాపుకు గమ్ము చాలు. మళ్లీ రంగు వేసినదానికి గమ్ముతో పాటు బోల్టూ కావాలి.

అతికించేటప్పుడు ఉప్పుకాగితంతో మెరుపు పోయేలా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గమ్ము కంపెనీ చెప్పిన ప్రైమర్ పూయాలి. గమ్ము మందం 3 మి.మీ. ఉండాలి. బ్రాకెట్‌ను అదిమి గమ్మంతా బయటికి పిండేస్తే పట్టు పోతుంది. మధ్యాహ్నం టాపు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, అప్పుడు గమ్ము నిమిషాల్లోనే పైన తోలు కడుతుంది. మంచు ఆరిన తర్వాత ఉదయాన్నే చేయండి. ఈ గమ్ము గాలిలోని తేమతో గట్టిపడే రకం, కాబట్టి మన ఉక్కపోత దానికి మేలే. అయినా ఒకరోజు బండి కదపొద్దు, వారం దాకా ఘాట్ ఎక్కించొద్దు.

అపోహ: చిల్లు చుట్టూ సిలికాన్ పూస్తే నీళ్లు దిగవు.

మరమ్మతుకు వచ్చే బళ్లలో ఎక్కువ నష్టం కనిపించేది ఇక్కడే. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది. చిల్లు అంచున రంగు లేని ఇనుము దానికి దొరికితే తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది, పైకి సిలికాన్ మాత్రం చక్కగానే కనిపిస్తుంది. ఎపాక్సీ ముద్ద పెట్టినా అంతే: టాపు ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, ముద్ద రాయిలా ఉండి పగులుతుంది.

టాపు రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. దాంట్లో స్క్రూ బిగిస్తే ఒకటి రెండు మరచుట్ల మీదే ఆగుతుంది, కుదుపులకు వదులవుతుంది. ఎం6 (6 మి.మీ. బోల్టు పట్టే) రివెట్ నట్‌కు, అంటే రేకు చిల్లులో బిగుసుకుని కూర్చునే నట్టుకు, 9 మి.మీ. చిల్లు వేయండి, లేదా లోపలి వైపు వెడల్పాటి పట్టీ పెట్టి బోల్టు వేయండి. అంచు అరగదీసి, జింక్ ప్రైమర్, రంగు పూసి ఆరనివ్వండి. బ్రాకెట్ కింద బంకలా మెత్తగా ఉండే బ్యూటైల్ టేపు, బోల్టు తల మీద పాలీయురేథేన్ సీలెంట్.

డ్రిల్లు వేసినప్పుడు రాలే ఇనుప రజను అదే గంటలో అయస్కాంతంతో, బ్రష్‌తో తీసేయాలి. బీచ్ రోడ్డు పక్కన ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి టాపంతా నారింజ రంగు చుక్కలే. ఒక్కో చుక్కా పెయింటులో ఒక్కో గుంట.

అపోహ: మెరిసే బోల్టు ఏదైనా స్టీలే.

జింకు పూత వేసిన ఇనుప బోల్టు కూడా కొత్తలో అలాగే మెరుస్తుంది. ఉప్పుగాలికి ముందు తెల్లటి పొడి, తర్వాత ఎర్ర తుప్పు. 316 గ్రేడు స్టెయిన్‌లెస్ అడిగి తీసుకోండి, 304 సముద్రం పక్కన మరకలు పడుతుంది. ఇంకో చిక్కు ఉంది. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియం ఫ్రేముకు నేరుగా తగిలి, మధ్యలో ఉప్పునీరు చేరితే అల్యూమినియమే కరిగిపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు వేయండి. ఫ్రేముకు మీరు కొత్త చిల్లులు వేయొద్దు, వారంటీ పోతుంది.

అపోహ: ఎండ ఎంత మండితే కరెంటు అంత.

కావాల్సింది వెలుతురు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ మోనో ప్యానెల్ సుమారు 0.35 శాతం నష్టపోతుంది. మే నెలలో సెల్ 65 డిగ్రీలకు చేరితే 200 వాట్లలో 28 వాట్లు అలాగే పోతాయి. అందుకే గాలి ఆడేలా ప్యానెల్ కింద 25 నుంచి 40 మి.మీ. ఖాళీ వదలాలి. వంగే ప్యానెళ్లను నేరుగా రేకుకు అంటిస్తే ఆ వేడికి పొరలు విడిపోతాయి.

వాలుగా పెట్టే స్టాండు అక్కర్లేదు. విశాఖ 17.7 డిగ్రీల అక్షాంశంలో ఉంది, జూన్‌లో సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు. కాబట్టి టాపు మీద పడుకోబెట్టిన ప్యానెల్‌కే ఎండ బాగా తగులుతుంది.

అపోహ: చిన్న నీడే కదా.

36 సెల్‌ల ప్యానెల్‌లో సాధారణంగా రెండే బైపాస్ డయోడ్లు (నీడ పడిన భాగాన్ని తప్పించి కరెంటును పంపేవి) ఉంటాయి. ఒక్క సెల్ పూర్తిగా నీడలో పడితే సగం ప్యానెల్ పడుకుంటుంది. లగేజీ క్యారియర్ కమ్మీ, వెంట్ మూత, అరకు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ నీడ, అన్నీ లెక్కలోకి వస్తాయి. నీడ పడేచోట రెండు ప్యానెళ్లను సిరీస్‌లో (ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కు) కాక ప్యారలల్‌లో (ప్లస్ ప్లస్‌కు, మైనస్ మైనస్‌కు) కలపండి.

అపోహ: 400 వాట్లు పెడితే ఏసీ నడుస్తుంది.

400 వాట్లు, రోజుకు ఐదు గంటల మంచి ఎండ, నష్టాలు పోను 70 శాతం: 1.4 యూనిట్లు. ఒక టన్ను ఏసీ దాంతో గంటా పావు నడుస్తుంది. 12 వోల్టుల చిన్న ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, ఫోన్లు మాత్రం హాయిగా గడిచిపోతాయి. ఇంటి మిద్దెకు ఇచ్చే సూర్య ఘర్ సబ్సిడీ బండికి రాదు.

అపోహ: వైరు ఏదైనా ఒకటే.

ఇంటి పీవీసీ వైరు టాపు మీద ఎండకు చిట్లుతుంది. 4 చదరపు మి.మీ. సోలార్ డీసీ కేబులే వాడండి, గ్లాండ్ (నీళ్లు దిగకుండా కేబుల్‌ను బిగించి పట్టే బిరడా) గుండా దించండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపే ఉండాలి. ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చే ఛార్జ్ కంట్రోలర్‌కు మొదట బ్యాటరీ, తర్వాతే ప్యానెల్ కలపాలి. విప్పేటప్పుడు మొదట ప్యానెల్ తీయాలి. లిథియం బ్యాటరీ అయితే సెట్టింగులో ఈక్వలైజేషన్ (మామూలు కంటే ఎక్కువ వోల్టేజీతో ఛార్జ్ చేసే పద్ధతి) ఆపేయండి.

పని అయ్యాక ప్రతి నట్టు మీదుగా బ్రాకెట్ దాకా మార్కర్‌తో ఒక గీత గీయండి. మొదటిసారి అరకు ఘాట్ ఎక్కి దిగాక నిచ్చెన వేసుకుని చూడండి. గీత తెగి రెండు ముక్కలు పక్కకు జరిగి ఉంటే ఆ నట్టు తిరిగినట్టే. దాన్ని విప్పి, లాక్ నట్టు వేసి, కొత్తగా గీత గీయండి.