బావా ఎప్పుడు వచ్చితీవు: పద్యం నుంచి పేరడీ దాకా

ఇంటికి బావ రాగానే "బావా ఎప్పుడు వచ్చితీవు" అని రాగం తీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తర్వాతి పాదం అడిగితే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు.

తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగ విజయాలు అనే నాటకాల్లోది ఈ పద్యం. యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడు ద్వారకకు వస్తే, నిద్ర లేచిన కృష్ణుడు పలకరించే పడక సీను. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950) ఇద్దరూ అవధానులు. సభలో అప్పటికప్పుడు పద్యం చెప్పి జనాన్ని మెప్పించడం వాళ్లకు అలవాటు. నాటకంలోనూ ఆ అలవాటే పనికొచ్చింది.

మొదటి పాదం చూడండి: "బావా యెప్పుడు వచ్చితీవు, సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్". సగం మన వసారాలో మాట, సగం సంస్కృతం. శార్దూలం లాంటి బరువైన వృత్తంలో ఇంటి పలకరింపు ఇమిడిపోయింది. నా లెక్కలో పేరడీకి విత్తనం పడింది ఇక్కడే. ఆ నడక చెవిలో ఉంటే చాలు, మిగతా సగంలో ఏదైనా పెట్టొచ్చు. "బావా ఎప్పుడు వచ్చితీవు, సెలవే బాసిచ్చెనా చెప్పుమా" అని, బాసు సెలవిచ్చాడా అన్న అర్థంలో, అన్నామనుకోండి, గణాలూ సరిపోతాయి, యతీ కుదురుతుంది.

అయితే జనం నోట్లో లేని పద్యానికి పేరడీ కట్టి లాభం లేదు. ఈ నాటక పద్యాలను ఊరూరా చేర్చింది రంగస్థలం. నాటకంలో పద్యాన్ని రాగయుక్తంగా పాడే పద్ధతికి బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు ముందే బాట వేశారు. తర్వాత హార్మోనియం, పేరున్న నటులను ఒప్పందం మీద కలిపి ఆడించే కాంట్రాక్టు నాటకాలు, ఒకే పాత్రను నటులు పంచుకుంటే ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, ప్రేక్షకుల "వన్స్ మోర్" కేకలు. పాడిన పద్యమే మళ్లీ మళ్లీ పాడించుకుంటే చదువు రానివాళ్లకైనా కంఠతా రాకుండా ఉంటుందా? గ్రామఫోన్ రికార్డులొచ్చాయి. 1967లో ‘శ్రీకృష్ణావతారం’ సినిమాలో ఘంటసాల గొంతు రాయబారం పద్యాలను నాటకం చూడనివాళ్ల ఇళ్లకూ చేర్చింది.

అప్పటినుంచి కాలేజీ వార్షికోత్సవాల్లో, సినిమా కామెడీలో, రాజకీయ వ్యంగ్యంలో ఈ పద్యాలకు విశ్రాంతి లేదు. సంధి చేసుకుంటావా, యుద్ధమా అని తేల్చి అడిగే "చెల్లియొ చెల్లకొ" పొత్తుల బేరాలకు అచ్చంగా సరిపోతుంది. "జెండాపై కపిరాజు" అయితే మరీ సులువు, జెండా మీద బొమ్మ మారిస్తే చాలు.

"అలుగుటయే యెరుంగని" పద్యం మాత్రం పేరడీగాళ్లకు అంతగా లొంగదు. ధర్మరాజుకు కోపం వస్తే ఏమవుతుందో తెలియాలంటే సముద్రాలు ఏకమయ్యేదాకా పాడాలి. అంతసేపు ఆగే ఓపిక పేరడీకి ఎక్కడిది?