బైక్ చైన్: నిగనిగలాడితే చాలదు (అపోహలు - వాస్తవాలు)

వరి నాట్లకు పొలం బురదగా దున్నే దమ్ముల సీజన్‌కి ముందు ఒక పాలాయన మా షాపుకి బండి తెచ్చాడు. "రోజు మార్చి రోజు చైన్‌కి ఆయిల్ పోస్తున్నానండీ, అయినా కరకరలాడుతూనే ఉంది" అన్నాడు. ఆ మాట నిజమే. చైన్ నల్లగా, తడితడిగా మెరుస్తోంది. చెయ్యి పెడితే మణికట్టు దాకా మసి. చైన్ రెండు కొసల్నీ కలిపి ఉంచే లాక్ తీసి చైన్ విప్పాను, డీజిల్‌లో కడిగాను, ఒక లింకు పిన్ను బయటికి కొట్టి ఆయన చేతిలో పెట్టాను. పైన అంత నూనె ఉంది కదా, పిన్ను మాత్రం ఇటుక పొడి పూసినట్టు ఎర్రగా, ఎండిపోయి ఉంది.

"లోపల తుప్పేంటండీ?" అన్నాడు.

చైన్ అరిగేది మనకు కనపడని చోట. ఒక్కో లింకులో పిన్ను ఉంటుంది, దాని మీద బుష్, బుష్ మీద తిరిగే రోలర్. చైన్ పళ్లచక్రం ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ పిన్ను బుష్‌లో కాస్త మెదులుతుంది. అక్కడ నూనె లేకపోతే ఇనుము ఇనుమును తినేస్తుంది, ఆ పొడే తుప్పు పట్టి ఎర్రగా కనిపిస్తుంది. లెక్క వేసి చూడండి: ముందు 14 పళ్లు, వెనక 42 పళ్లు, 112 లింకుల చైన్ ఉన్న మామూలు బండి 50 వేగంలో వెళ్తుంటే ఒక్కో లింకు నిమిషానికి 160 చుట్లకు పైనే తిరుగుతుంది. బయటి ప్లేట్ల మీద ఎంత నూనె కారినా ఆ పిన్నుకి ఒరిగేదేమీ లేదు.

అపోహ: వేస్టాయిల్ చాలు, అదీ ఆయిలే కదా

పాలాయన పోసింది అదే. ఇంజన్‌లోంచి దించిన ఆయిల్ డబ్బాలో దాచుకుని, పాత బ్రష్షుతో పూయడం మన ఊళ్లలో తాతల నాటి అలవాటు. అందులో మసి ఉంటుంది, ఇంజన్ అరిగిన సన్నటి ఇనుప రజను ఉంటుంది. పైగా పల్చన. బండి వేగం అందుకోగానే సగం ఎగిరి రిమ్ము మీద పడుతుంది, మిగతా సగం దుమ్మును పట్టుకుంటుంది. నూనె, దుమ్ము, ఇనుప రజను కలిస్తే మేము వాల్వులు నూరడానికి వాడే పేస్టు లాంటిదే తయారవుతుంది. చైన్‌కి చేతులారా ఆ పేస్టు రాసినట్టు.

దానికి బదులు 90 నంబరు గేర్ ఆయిల్ వాడండి. చాలా కంపెనీల మాన్యువల్‌లో రాసి ఉండేదీ ఇదే. కాస్త చిక్కగా ఉంటుంది కాబట్టి తొందరగా ఎగిరిపోదు, అయినా సందుల్లోకి దిగుతుంది. చైన్ స్ప్రే ఇంకా శుభ్రంగా ఉంటుంది, ఖర్చు ఎక్కువ. నా సొంత బండికి గేర్ ఆయిలే. టైరు మీద చుక్కలు పడతాయని మా అబ్బాయి మాత్రం స్ప్రే కొనుక్కుంటాడు, వాడి మాటా తప్పు కాదు.

అపోహ: గ్రీజు దట్టిస్తే ఏడాది దాకా చూసుకోనక్కర్లేదు

గ్రీజు గట్టి పదార్థం, పిన్ను దాకా దిగదు. వెనకటి మేస్త్రీలు చైన్ విప్పి, గ్రీజు వేడి చేసి కరిగించి అందులో ముంచేవాళ్లు. కరిగినది లోపలికి పాకి అక్కడ గట్టిపడేది కాబట్టి అది పనిచేసేది. చల్లటి గ్రీజు వేలితో పామితే మాత్రం మట్టి అంటించుకోవడానికి జిగురు రాసినట్టే.

ఇంజన్ ఆన్ చేసి, గేర్ వేసి చైన్ తుడవడం

దీన్ని అపోహ అనడం కూడా నాకు ఇష్టం లేదు. వీడియోల్లో చూసి పిల్లలు చేస్తున్నారు: డబుల్ స్టాండ్ వేసి, ఫస్ట్ గేర్‌లో చక్రం తిప్పుతూ గుడ్డ పట్టుకోవడం. గుడ్డ పోగు ఒక్కటి చైన్‌కి చిక్కితే చాలు, గుడ్డతో పాటు వేళ్లు కూడా పళ్లచక్రం కిందికి వెళ్తాయి. చెయ్యి వెనక్కి లాక్కుందామని మీకు తోచేలోపే అయిపోతుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఎడమ చూపుడు వేలి కొస అలాగే పోగొట్టుకున్నాను. అప్పుడు గేర్ కూడా లేదు, చక్రం చేత్తో జోరుగా తిప్పాను, అంతే. ఇంజన్ ఆపండి, తాళం చెవి తీసి జేబులో వేసుకోండి, న్యూట్రల్‌లో చక్రాన్ని నెమ్మదిగా తిప్పండి. చైన్ పళ్లచక్రం మీదకు ఎక్కే చోట మాత్రం చెయ్యి పెట్టకండి.

నూనె ఎక్కడ వేయాలో కూడా చెప్తాను. కింది వరస చైన్‌కి లోపలి ముఖం, అంటే పైకి చూసే ముఖం మీద, రెండు పక్కలా ప్లేట్లు కలిసే సందుల్లో చుక్క చుక్కగా. చైన్ తిరిగేటప్పుడు నూనె బయటికి విసురుతుంది, ఆ విసురుకే లోపలి నుంచి సందుల గుండా పాకుతుంది. బండి నడిపి వచ్చాక, చైన్ కాస్త వెచ్చగా ఉన్నప్పుడు, రాత్రి పూట వేస్తే తెల్లారేసరికి దిగుతుంది. పొద్దున పైన మిగిలినది పొడి గుడ్డతో తుడిచెయ్యండి. ఇక్కడే చాలామంది బాధపడతారు, నూనె వృథా అయిపోతోందని. పైన మిగిలిన నూనె చేసేదల్లా దుమ్ము పట్టడం, లేదంటే వెనక టైరు మీద పడి మలుపులో జారేట్టు చేయడం. సుమారు 500 కిలోమీటర్లకు ఒకసారి వేస్తే చాలు. వానలో తడిసినా, పొలం బురదలో దిగినా కిలోమీటర్ల లెక్క చూడకండి, ఆ రోజే కడిగి ఆరబెట్టి వేయండి.

అపోహ: ఓ-రింగ్ చైన్‌కి ఆయిల్ అక్కర్లేదు

లోపలి ప్లేటుకీ బయటి ప్లేటుకీ మధ్య సన్నటి నల్ల రబ్బరు రింగు అంచు కనిపిస్తే అది ఓ-రింగ్ చైన్. పెద్ద బండ్లలో చాలావాటికి ఇదే వస్తుంది. పిన్ను దగ్గర గ్రీజు కంపెనీలోనే పెట్టి, రింగుతో మూసేస్తారు. కాబట్టి పిన్ను సంగతి మీరు చూడక్కర్లేదు, సగం మాట నిజమే. కానీ రోలర్ బయట పళ్లతో రాసుకుంటుంది, ఆ రబ్బరు ఎండితే పగులుతుంది. నూనె ఈ రెండింటి కోసం.

దీన్ని చెడగొట్టేది నూనె లేకపోవడం కన్నా మితిమీరిన శుభ్రం. ఇనుప బ్రష్షుతో గీకడం, పెట్రోలుతో కడగడం, వాటర్ సర్వీసింగ్‌లో గన్ను దగ్గరగా పెట్టి కొట్టించడం, ఈ మూడూ రింగుల్ని పాడుచేస్తాయి. రింగు పోతే లోపలి గ్రీజు పోతుంది, దాన్ని మళ్లీ నింపే దారి లేదు. కిరోసిన్, మెత్తటి బ్రష్షు సరిపోతాయి. కిరోసిన్ ఇప్పుడు తేలిగ్గా దొరకడం లేదు కాబట్టి ఓ-రింగ్‌కి పడుతుందని డబ్బా మీద రాసి ఉన్న చైన్ క్లీనర్ కొనండి. అన్నట్టు, వాటర్ సర్వీసింగ్‌లో చివర మెరుపు కోసం బండంతా డీజిల్ కొడతారు చూడండి, చైన్‌లో ఉన్న కాస్త నూనెనూ అది కడిగేస్తుంది. వద్దని ముందే చెప్పండి.

డబ్ల్యూడీ-40 సంగతీ రోజూ అడుగుతారు. నీటిని తరిమేయడానికీ, బిగుసుకున్న బోల్టు వదలడానికీ అది మంచి సరుకు. చైన్ మీద నిలిచే నూనె కాదు. దానితో తుడిచి వదిలేస్తే చైన్ ఎండుగా ఉన్నట్టే లెక్క.

అపోహ: చైన్ ఎంత టైట్‌గా ఉంటే పికప్ అంత బాగుంటుంది

పాలాయన బండికి రెండో జబ్బు ఇదే. చైన్ వీణ తీగలా బిగించి ఉంది. "లూజుగా ఉంటే శబ్దం వస్తోందని నేనే బిగించానండీ" అన్నాడు. స్టాండ్ మీద ఖాళీ బండి బాగానే ఉంటుంది. రెండు పెద్ద క్యాన్లు తగిలించి ఆయన ఎక్కాక వెనక షాకులు దిగుతాయి. అప్పుడు ముందు పళ్లచక్రం, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చట్రం) బోల్టు, వెనక యాక్సిల్ మూడూ ఒకే గీత మీదకు వస్తాయి. చైన్‌కి పడే దూరం అప్పుడే అన్నిటికన్నా ఎక్కువ. ముందే బిగుసుకుని ఉన్న చైన్ ఎక్కడికి సాగుతుంది? గేర్‌బాక్స్ షాఫ్టు బేరింగును, వెనక చక్రం బేరింగును లాగి పాడుచేస్తుంది. చైన్ మార్చడం చిన్న పని, గేర్‌బాక్స్ బేరింగు కోసం ఇంజన్ విప్పాలి.

కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే మామూలు బండికి సుమారు 25 నుంచి 35 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూడండి. ఒక చోటే చూసి వదలకండి. చైన్ అన్ని చోట్లా ఒకేలా అరగదు. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట కొలవండి. ఇక బిగించేటప్పుడు వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే కొలత గీతలు సమానంగా ఉన్నాయో లేదో చూస్తారు గానీ బ్రేకు మర్చిపోతారు. డ్రమ్ము బ్రేకు బండికి చక్రం వెనక్కి జరిగితే బ్రేకు రాడ్డు కూడా బిగుస్తుంది. పెడల్ ఆట మళ్లీ సరిచేయకపోతే బ్రేకు పట్టుకునే ఉంటుంది, డ్రమ్ము వేడెక్కి, మైలేజీ పడిపోయి, చివరికి తిట్లు చైన్‌కి పడతాయి.

అపోహ: చైన్ సాగింది, ఒక లింకు తీసేస్తే సరి

ఇనుప ప్లేటు సాగదు. ప్రతి కీలు దగ్గరా పదో వంతు మిల్లీమీటరు అరిగితే 112 లింకులకు 11 మిల్లీమీటర్లు కలిసి వస్తుంది. మనం సాగింది అనేది ఆ అరుగుదలనే. లింకులు తీస్తే పొడవు తగ్గుతుంది, ఒక పిన్నుకీ ఇంకో పిన్నుకీ మధ్య పెరిగిన దూరం అలాగే ఉంటుంది. ఆ చైన్ పళ్ల మొదట్లో కూర్చోక పైకి ఎక్కి, పళ్లను కొక్కేల్లా వంచుతుంది.

కొలిచే పద్ధతి తేలిక. 428 సైజు చైన్ కొత్తదైతే 20 లింకులు, అంటే 21 పిన్నుల వరసలో మొదటి దాని నడిమి నుంచి చివరి దాని నడిమికి, 254 మిల్లీమీటర్లు. లాగి పట్టుకుని కొలిస్తే మామూలు చైన్ 259 దగ్గరికి వచ్చిందంటే దాని పని అయిపోయింది. ఓ-రింగ్ చైన్‌కి 256 దాటితే చాలు, మార్చే సమయం దగ్గరపడినట్టు. స్కేలు లేకపోతే వెనక పళ్లచక్రం చివర చైన్‌ని వేళ్లతో వెనక్కి లాగండి, సగం పన్ను బయట పడితే ఇక ఆలోచించక్కర్లేదు. మార్చేటప్పుడు చైన్ ఒక్కటే వద్దు, ముందు వెనక పళ్లచక్రాలతో సహా సెట్ మార్చండి. బంగారు రంగు చైన్ ఎక్కువ కాలం వస్తుందా అని అడుగుతారు. ఆ రంగు పైపూత, తుప్పుకి కాస్త అడ్డం, అంతవరకే.

అపోహ: చైన్ కవర్ ఉన్న బండికి మెయింటెనెన్స్ ఉండదు

దుమ్ము తగ్గుతుంది, చీర కొంగు చిక్కదు, అది నిజం. కానీ దమ్ములప్పుడు లోపలికి వెళ్లిన బురద కవర్ అడుగున పేరుకుని అక్కడే గట్టిపడుతుంది. చిన్న రబ్బరు మూత తీసి వేలు పెట్టి ఆట చూడొచ్చు, నూనె వేయొచ్చు. వాన సీజన్ అయ్యాక మాత్రం ఒకసారి కవర్ విప్పించండి. పాలాయన బండి కవర్‌లోంచి నేను తీసిన రేగడి మట్టితో ఒక పూలకుండీ నిండేది.

కొత్త సెట్ వేశాక చివరగా ఆయనకు లాక్ చూపించాను. లాక్‌కి ఒక కొస మూసి ఉంటుంది, రెండోది చీలి ఉంటుంది. మూసి ఉన్న కొస చైన్ కదిలే దిక్కుకి ఉండాలి. తిరగేసి వేస్తే రాయి తగిలినా, కవర్ రాసుకున్నా చీలిన కొస తెరుచుకుని లాక్ ఊడిపోతుంది. పాత చైన్‌కి అది తిరగేసే ఉంది. ఎవరు వేశారని నేను అడగలేదు. ఆయనే తల గోక్కుంటూ, "ఆ రోజు చీకటి పడిపోయిందండీ" అన్నాడు.