గుడ్డ పైకప్పు కింద వేడి: అపోహలు - వాస్తవాలు

మెంబ్రేన్ పైకప్పులు, అంటే పూత పూసిన గుడ్డను బిగించి కట్టిన కప్పులు, ఉన్న భవనాల్లో వేడి లెక్కలు కట్టడం నా వృత్తి. దాదాపు ప్రతి ప్రాజెక్టులోనూ ఈ మాటలు వింటుంటాను.

అపోహ: ఇంకాస్త మందం గుడ్డ వేస్తే వేడి దిగదు.

వాస్తవం: పీవీసీ పూత పూసిన పాలిస్టర్ గుడ్డ మందం సుమారు 1 మిల్లీమీటరు. వేడిని ఆపే బలం దానికి లేనట్టే. ఒంటిపొర కప్పుకు ఉన్న కాస్త నిరోధమూ గుడ్డకు పైనా కిందా అంటుకుని ఉండే పలచని గాలి పొరలదే. అందుకే మందం రెట్టింపు చేసినా లెక్క పెద్దగా కదలదు. రెండో పొర వేసి మధ్యలో గాలిని బంధిస్తే కదులుతుంది. ఇన్సులేషన్ వేస్తే ఇంకా బాగా కదులుతుంది కానీ, గుడ్డలోంచి దిగే మెత్తని వెలుగు చాలావరకు పోతుంది. ఆ వెలుగు కోసమే ఈ కప్పు కోరుకున్నవాళ్లకు అది చిన్న నష్టం కాదు.

అపోహ: థర్మామీటర్ 28 డిగ్రీలే చూపిస్తోంది, కాబట్టి లోపల హాయిగానే ఉన్నట్టు.

వాస్తవం: థర్మామీటర్ చెప్పేది గాలి సంగతి. ఎండకు కాగిన గుడ్డ కిందివాళ్ల మీదికి పరారుణ వికిరణంగా వేడి కుమ్మరిస్తూనే ఉంటుంది. గాలి చల్లగా ఉన్నా మాడు వేడెక్కుతుంది. గుడ్డ లోపలి ముఖం ఎంత కాగుతోందో తెలియకుండా నేను నివేదిక రాయను.

2006లో తెరిచిన బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయాన్ని ఇందుకే పదేపదే ఉదాహరణగా చెబుతాను. అక్కడ మూడు పొరల కప్పులో అన్నిటికన్నా లోపలి పొరకు వేడిని తక్కువగా వెదజల్లే లోహపు పూత వేశారు. నేల కింది గొట్టాల్లో చల్లనీళ్లు తిప్పి, మనుషులు మసలే ఎత్తువరకే చల్లబరిచారు. పైకి చేరిన వేడిగాలిని పైనే ఉండనిచ్చారు. అంత ఎత్తు హాలుకు ఇంతకన్నా తెలివైన పద్ధతి నాకు కనబడలేదు.

అపోహ: తెల్లగుడ్డ కదా, ఎండతో పనిలేదు.

వాస్తవం: పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పూత ఉన్న గాజునార గుడ్డ ఎండలో సుమారు 70 శాతాన్ని తిప్పికొడుతుంది. శుభ్రంగా ఉన్నంతకాలమే సుమా! కడిగే ఖర్చు మొదటే రాసుకోండి.

అపోహ: లోపల నీటిచుక్కలు రాలుతున్నాయంటే కప్పుకు చిల్లు పడినట్టే.

వాస్తవం: మబ్బులేని రాత్రి గుడ్డ తన వేడిని ఆకాశంలోకి వదిలి, బయటి గాలికన్నా చల్లబడిపోతుంది. లోపలి తేమ దాని అడుగున నీరై చుక్కలుగా రాలుతుంది. అందుకే ఫిర్యాదు రాగానే ముందు నేనడిగేది: ఆ రాత్రి వాన పడిందా, ఆకాశంలో చుక్కలు కనిపించాయా?