ఆ పక్కవేగం ఎక్కడిది?

ఒక్క సెకనులో భూమి తన దారిలో దాదాపు 30 కిలోమీటర్లు దూసుకుపోతుంది. అదే సెకనులో సూర్యుడి వైపు 3 మిల్లీమీటర్లు పడుతుంది. కక్ష్యలో తిరగడమంటే ఇదే. గ్రహం ఎప్పుడూ పడుతూనే ఉంటుంది, కానీ పక్కకు పోయే వేగం వల్ల సూర్యుడి మీదికి చేరదు. లాగేది గురుత్వాకర్షణ అని స్కూల్లోనే చెబుతారు. మరి ఆ పక్కవేగాన్ని ఎవరిచ్చారు? సౌర కుటుంబం పుట్టుక కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ముందు దారి ఏ ఆకారమో తేలాలి. టెలిస్కోపు లేని రోజుల్లో టైకో బ్రాహే ఏళ్ల తరబడి, ఉత్త కంటితో, అంగారకుడి స్థానాలు కొలిచి రాసిపెట్టాడు. 1601లో ఆయన చనిపోయాక ఆ లెక్కలు యోహానెస్ కెప్లర్ చేతికి వచ్చాయి. కెప్లర్ కూడా వృత్తంతోనే మొదలుపెట్టాడు. ఎంత సర్దినా ఒకచోట 8 నిమిషాల తేడా మిగిలిపోయింది. ఈ నిమిషం గడియారంలోది కాదు, డిగ్రీలో 60వ వంతు. 8 నిమిషాలంటే ఆకాశంలో నిండు చందమామ వెడల్పులో పావువంతు. ఇంకొకరైతే కొలతలో పొరపాటులే అని వదిలేసేవారు. టైకో అంత తప్పు చేయడని కెప్లర్‌కు నమ్మకం. అందుకే రెండు వేల ఏళ్లుగా అందరూ నమ్మిన వృత్తాన్నే వదిలేశాడు. 1609లో దీర్ఘవృత్తాన్ని ప్రకటించాడు. ఈ చరిత్రలో నా మనసు ఎప్పుడూ ఆగిపోయేది ఇక్కడే.

1687లో న్యూటన్ ఆ ఆకారానికి కారణం చూపించాడు. పక్కవేగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన కూడా ఆగిపోయాడు. గ్రహాలను ఇలా తిప్పడం గురుత్వాకర్షణ ఒక్కదాని వల్ల కాదని, దానికి దైవశక్తి ఉండాలని మతబోధకుడు రిచర్డ్ బెంట్లీకి రాసిన ఉత్తరాల్లో చెప్పాడు.

అప్పటికి తెలిసిన గ్రహాలన్నీ ఒకే దిశలో, దాదాపు ఒకే తలంలో తిరుగుతున్నాయి. ఇది కాకతాళీయం కాదనిపించింది 1755లో జర్మన్ తత్వవేత్త కాంట్‌కు, 1796లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్‌కు. మెల్లగా తిరిగే పెద్ద వాయుమేఘం తన బరువుకు తానే కుంచించుకుపోతే, చేతులు ముడుచుకున్న స్కేటర్‌లా దాని వేగం పెరుగుతుంది. పళ్లెంలా చదును అవుతుంది. నడుమ సూర్యుడు, చుట్టూ గ్రహాలు. పక్కవేగం ఎవరూ ఇవ్వక్కర్లేదు, అది మేఘానిదే!

అంతా కుదిరిందనుకుంటే లెక్క అడ్డం తిరిగింది. సౌర కుటుంబం ద్రవ్యరాశిలో 99.8 శాతం సూర్యుడిదే. కానీ తిరిగే ఊపులో, అంటే కోణీయ ద్రవ్యవేగంలో, 98 శాతానికి పైగా గ్రహాల దగ్గరుంది. ఒక్క గురుడి వాటానే దాదాపు 60 శాతం. లాప్లాస్ చెప్పినట్టే అయితే నడిమి సూర్యుడు గిర్రున తిరగాలి. అలాంటిది ఒక్క చుట్టుకు దాదాపు 25 రోజులు తీసుకుంటున్నాడు.

దాంతో మేఘాన్ని చాలామంది పక్కన పెట్టేశారు. 1905 ప్రాంతంలో చాంబర్లిన్, మౌల్టన్, తర్వాత జీన్స్ ఇంకో దారి పట్టారు. వేరే నక్షత్రమేదో దగ్గరగా పోతూ సూర్యుడి నుంచి పదార్థాన్ని లాగిందన్నారు. అదే నిజమైతే విశ్వంలో గ్రహాలు మహా అరుదు. కానీ అంత వేడి వాయువు గడ్డకట్టదు, చెదిరిపోతుందని 1939లో స్పిట్జర్ తేల్చడంతో ఆ వాదం కూలింది.

మేఘం మళ్లీ వచ్చింది, ఈసారి అయస్కాంతాన్ని తోడు తెచ్చుకుని. యువ సూర్యుడి అయస్కాంత క్షేత్రం చుట్టూ ఉన్న అయనీకృత (విద్యుదావేశం ఉన్న) వాయువును పట్టుకుని బ్రేకులా పనిచేసిందని 1940లలో ఆల్ఫ్వెన్ వాదించాడు. సూర్యుడి నుంచి వీచే కణాల గాలి కూడా కోట్ల ఏళ్లుగా ఆ ఊపును కొంచెం కొంచెంగా మోసుకుపోతోంది. ధూళి రేణువులు అతుక్కుని, రాళ్లై, ఢీకొంటూ గ్రహాలుగా ఎదిగే తీరుకు 1969లో సోవియట్ శాస్త్రవేత్త సఫ్రొనోవ్ గట్టి లెక్కలు కట్టాడు.

అదే 1969 ఫిబ్రవరిలో మెక్సికోలోని అయెందే ఊరి దగ్గర ఓ ఉల్క పగిలి ముక్కలుగా రాలింది. ముక్క కోసి చూస్తే నల్లటి రాతిలో తెల్లటి మచ్చలు, చాలావరకు మిల్లీమీటర్ల సైజువే. కాల్షియం, అల్యూమినియం ఎక్కువగా ఉన్న గింజలవి. వేడి వాయువు చల్లారేటప్పుడు మొట్టమొదట గట్టిపడినవి ఇలాంటివే. వీటి వయసు దాదాపు 456.7 కోట్ల ఏళ్లు. అంటే వయసులో భూమి కంటే పెద్దవి.

2014లో చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులు దాదాపు 450 కాంతి సంవత్సరాల దూరంలోని హెచ్‌ఎల్ టౌరీ అనే పసి నక్షత్రాన్ని చూశాయి. చుట్టూ ధూళి పళ్లెం, అందులో వరుసగా వలయాలు, నడుమ నల్లటి ఖాళీలు. కాంట్ ఊహలో మాత్రమే చూసిన పళ్లెం ఫొటోలో కనబడింది.

ఇంతలో లాప్లాస్ చిత్రంలో ఒక ముక్క మారక తప్పలేదు, గ్రహాలు పుట్టినచోటే ఉండిపోతాయన్నది. 1995లో మేయర్, క్వెలోజ్ వేరే నక్షత్రం చుట్టూ కనుగొన్న 51 పెగాసి బి అనే గ్రహం బరువులో గురుడిలో దాదాపు సగం. తన నక్షత్రాన్ని చుట్టి రావడానికి దానికి పట్టేది 4.2 రోజులే. అంత దగ్గర, అంత వేడిలో అది పుట్టడం కష్టం. దూరంగా పుట్టి లోపలికి జరిగి ఉంటుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. మన దగ్గరా ఇలాంటి జాడ ఉంది. నెప్ట్యూన్ 3 చుట్లు తిరిగేలోపు ప్లూటో 2 చుట్లు తిరుగుతుంది. నెప్ట్యూన్ ఒకప్పుడు సూర్యుడికి ఇంకా దగ్గరగా ఉండేదని, బయటికి జరుగుతూ ప్లూటోను ఈ లయలో బంధించి తనతో పాటు తోసుకుపోయిందని 1993లో రేణు మల్హోత్రా లెక్కగట్టి చూపించారు.