ఇరవై ఏళ్లయినా క్రికెట్ 07తోనే పోలిక ఎందుకు?

కొత్త క్రికెట్ గేమ్ ట్రైలర్ పడిన ప్రతిసారీ శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "07 లాగుంటాదేటి?" అడిగేవాళ్లలో చాలామంది ఆ గేమ్ వచ్చేనాటికి పాలు తాగే వయసువాళ్లు. అన్నయ్య కంప్యూటర్లోనో, మావయ్యగారింట్లోనో చూసి నేర్చుకున్నవాళ్లు. ఈఏ స్పోర్ట్స్ ‘క్రికెట్ 07’ 2006 నవంబరులో పీసీకి, ప్లేస్టేషన్ 2కి వచ్చింది. ఆ తర్వాత ఆ కంపెనీ ఈ వరసలో పీసీకి ఇంకో గేమ్ తేలేదు. ఇన్నేళ్లలో వేరేవాళ్లు తెచ్చిన ప్రతి గేమ్‌నీ మనవాళ్లు తీసుకెళ్లి దాని పక్కనే నిలబెడుతున్నారు, చాలాసార్లు పెదవి విరుస్తున్నారు. దీన్ని ఉత్త పాతకాలం మోజు అని కొట్టిపారేస్తే అసలు సంగతి జారిపోతుంది.

ఈఏ వారి క్రికెట్ వరస ‘క్రికెట్ 96’తో మొదలైంది. తొలిరోజుల్లో చేసింది మెల్‌బోర్న్‌లోని బీమ్ సాఫ్ట్‌వేర్. 1999 ప్రపంచకప్ గేమ్‌ని ఇంగ్లండ్‌కు చెందిన క్రియేటివ్ అసెంబ్లీ చేసింది; యుద్ధాల గేమ్‌లు ఆడేవాళ్లకు ఈ పేరు బాగా తెలుసు. ఆ తర్వాత పని కెనడాలోని హెచ్‌బీ స్టూడియోస్ చేతికి వచ్చింది. నోవాస్కోషియా రాష్ట్రంలో లునెన్‌బర్గ్ అనే చేపలరేవు ఊరు వాళ్లది. క్రికెట్ పెద్దగా పట్టని దేశంలో, సముద్రం పక్క చిన్న ఊళ్లో తయారైన గేమ్ కళింగపట్నం, భీమిలి తీరం దాకా వచ్చి ఇంతమందిని పట్టుకుందంటే చిత్రమే.

తొంభైల్లో ఆ గేమ్‌లు మన జిల్లాల్లో ఎంతమంది చూసుంటారు? అప్పటికి కంప్యూటర్ అంటే పీజీడీసీఏ నేర్పే ఇనిస్టిట్యూట్‌లో, ఏసీ గది బయట చెప్పులు విడిచి లోపలికెళ్లి చూసే వస్తువు. అందులో గేమ్ పెట్టమంటే సార్ ఊరుకోరు. ఆట మన చేతికొచ్చింది 2004 తర్వాత, నెట్ సెంటర్లు వీధివీధినా తెరిచాక. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల, శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్ నుంచి పాలకొండ రోడ్డు వరకు మేడమెట్ల పక్క గదుల్లో ప్లైవుడ్ అడ్డాలు, వాటి వెనక లావుపాటి మానిటర్లు. గంటకు పదో పదిహేనో. ముగ్గురు కలిసి డబ్బులేసుకుని ఒకే కుర్చీ దగ్గర మూగేవారు. ఒప్పందం కూడా అలిఖితమే: అవుటైతే కీబోర్డు పక్కవాడికి ఇచ్చేయాలి. "నోబాల్‌రా అది" అని వాదించినా చెల్లదు. బాణం గుర్తుల మీటల మీద అచ్చు అరిగిపోయి నున్నగా ఉండేవి. కరెంటు పోయిందంటే, యూపీఎస్ కూయడం మొదలెట్టిందంటే, నలభై ఓవర్లాడిన ఇన్నింగ్స్ గాల్లో కలిసిపోయినట్టే. ఓనరు గంట డబ్బులు మాత్రం అడిగేవాడు.

ఆ రోజుల్లో క్రికెట్ గాలి కూడా అలాగే వీచింది. 2005 ఏప్రిల్ 5న విశాఖలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాడు. ఆ స్టేడియం నగరానికి ఇటు కొసన, మధురవాడ వైపు ఉంది. విజయనగరం కాంప్లెక్సులో బస్సెక్కితే గంటా గంటంపావు. టిక్కెట్టు దొరికినవాడు వెళ్లాడు, దొరకనివాడు టీవీలో చూశాడు, ఇద్దరూ మర్నాటి నుంచి ధోనీ జుట్టు పెంచారు. అలాంటి కుర్రాడు ఏడాదిన్నర తర్వాత క్రికెట్ 07 తెరిచి ఇండియా టీమ్ ఎంచుకుంటే అక్కడ ధోనీ పేరు లేదు. సచిన్ పేరూ లేదు. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల మధ్య జరిగే యాషెస్ సిరీస్ చుట్టూ అల్లిన గేమ్ కాబట్టి ఆ రెండు జట్ల ఆటగాళ్లు అసలు పేర్లతో, అసలు జెర్సీలతో దర్జాగా ఉన్నారు. మన జట్టు పేర్లు వాడుకునే లైసెన్సు కంపెనీకి లేదు. అందుకని ఎవరో ఊరూపేరూ లేని పేర్లు పెట్టారు.

ఈ మొత్తం కథకు మూలం ఆ లోటేనని నా అభిప్రాయం. లైసెన్సు ఉండి, ధోనీ ధోనీగానే వచ్చి ఉంటే, రెండేళ్లు ఆడి సీడీని అటక మీద పడేసేవాళ్లం. లేదు కాబట్టి మార్చుకోవడం మొదలుపెట్టారు. ముందు ఒక్కో పేరూ ఎడిట్ చేశారు. తర్వాత మొత్తం జట్ల పట్టికనే, అంటే రోస్టర్‌నే, మార్చి ఫైలుగా పంచుకోవడం వచ్చింది. దాన్ని తెచ్చి మై డాక్యుమెంట్స్‌లో ఉన్న గేమ్ ఫోల్డర్‌లో పడేసి, గేమ్ తెరిచి లోడ్ చేస్తే చాలు. తర్వాత జెర్సీలు, బ్యాట్ల మీద స్టిక్కర్లు, బౌండరీ దగ్గర ప్రకటన బోర్డులు, మొహాలు. ఎఫ్ఎస్‌హెచ్ అనే బొమ్మల ఫైళ్లను విప్పి, రంగులు దిద్ది, మళ్లీ మూట కట్టేవాళ్లు. పాత ఫైలు కాపీ దాచుకోకుండా పైన పేస్ట్ చేస్తే గేమ్ తెరుచుకోదు, నల్లతెర. అప్పుడు సీడీ షాపు అన్నయ్య దగ్గరికి పరుగు. ఇంజనీరింగ్‌లో చేరకముందే ఫోల్డర్లు, ఎక్స్‌టెన్షన్లు, రిజిస్ట్రీ అంటే ఏమిటో ఈ గొడవలోనే నేర్చుకున్నవాళ్లు మన దగ్గర బోలెడుమంది.

ఇష్టమొచ్చినట్టు జట్టు కూర్చుకునే సరదా విజయనగరానికి కొత్త కాదులెండి. 1930-31లో ఇంగ్లండ్ ఎంసీసీ జట్టు పర్యటన రద్దయితే మహారాజకుమార్ విజ్జీ సొంతంగా జట్టు కట్టి, ఇంగ్లండ్ దిగ్గజాలు జాక్ హాబ్స్‌నీ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ రప్పించి ఇండియా, సిలోన్‌లలో ఆడించారు. 1936లో ఇంగ్లండ్‌కు భారత కెప్టెన్‌గా వెళ్లి లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేసిందీ ఆయనే. విజ్జీ స్టేడియం పక్కన సందులో కూర్చుని రోస్టర్ మార్చే కుర్రాడికి ఈ చరిత్ర తెలియకపోవచ్చు.

ఇప్పుడు కాలక్రమం చూడండి. 2007 మార్చిలో వెస్టిండీస్‌లో జరిగిన వన్డే ప్రపంచకప్‌లో భారత్ మొదటి దశలోనే ఇంటిముఖం పట్టింది. అదే సెప్టెంబరులో ధోనీ జట్టు జోహన్నెస్‌బర్గ్‌లో టీ20 ప్రపంచకప్ గెలిచింది. 2008 ఏప్రిల్ 18న ఐపీఎల్ మొదలైంది, తొలి మ్యాచ్‌లోనే మెకల్లమ్ 158. మరుసటేడు మన డెక్కన్ చార్జర్స్ కప్పు ఎత్తింది. ఈ దేశంలో క్రికెట్ వ్యాపారం ఆకాశాన్నంటిన సరిగ్గా ఆ రోజుల్లోనే ఈఏ క్రికెట్ వరస ఆగిపోయింది. క్రికెట్ 07లో ఐపీఎల్ లేదు. ఉండే అవకాశమే లేదు. కంపెనీ వదిలేసిన ఆ ఖాళీని అభిమానులు ప్యాచ్‌లతో, అంటే గేమ్ మీద అతికించే మార్పుల ఫైళ్లతో, పూడ్చారు. ఏటా వేలం అయిపోగానే కొత్త జట్లు, కొత్త జెర్సీలు. ఆడేది 2006 నాటి గేమే, పైన ఒళ్లంతా తాజా సీజన్. గేమ్‌లో వ్యాఖ్యానం చెప్పిన రిచీ బెనో 2015లో కన్నుమూసినా, ఆయన కామెంటరీ మాత్రం ఆయన చూడని ఆటగాళ్లకు, రికార్డింగ్ నాటికి పుట్టనే పుట్టని లీగ్‌కు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

ఈఏ ఎందుకు మానుకుందని మన కుర్రాళ్లు తిట్టుకుంటారు గానీ, అద్దంలో కూడా ఓసారి చూసుకోవాలి. మన ఊళ్లలో ఆ గేమ్ ఆడిన ప్రతి వందమందిలో డబ్బాలో వచ్చిన అసలు డిస్కు కొన్నవాడిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముప్పై నలభై రూపాయల కాపీ సీడీ, తర్వాత పెన్‌డ్రైవ్. మన ప్రేమ అంతా కంపెనీ లెక్కల పుస్తకానికి కనపడకుండా జరిగింది. పైగా ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల్లో కొనేవాళ్లుంటారు గానీ ఫుట్‌బాల్ గేమ్ ముందు ఆ సంఖ్య ఎంత?

మిగతా కంపెనీలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కోడ్‌మాస్టర్స్ వాళ్ల లారా క్రికెట్ అప్పటికే పోటీలో ఉండేది. 2007లో ఒకటే గేమ్‌ని ఇంగ్లండ్‌లో బ్రయాన్ లారా పేరుతో, ఆస్ట్రేలియాలో రికీ పాంటింగ్ పేరుతో, మన దగ్గర యువరాజ్ సింగ్ పేరుతో అమ్మారు. తర్వాత యాషెస్ 2009, ఇంటర్నేషనల్ క్రికెట్ 2010. ఆడినవాళ్లు బాగానే ఉన్నాయన్నారు, అక్కడితో సరి. 2013 నవంబరులో వచ్చిన ‘యాషెస్ క్రికెట్ 2013’ది మాత్రం అవమానం. ఫీల్డర్లు ఒకచోట, బంతి ఇంకోచోట. నవ్వులపాలై, కొద్దిరోజుల్లోనే అమ్మకం ఆపి, కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చారు. ‘కొత్త క్రికెట్ గేమ్’ అన్న మాట మీద నమ్మకం పోయింది అక్కడే.

ఆ మరుసటేడే మెల్‌బోర్న్‌కు చెందిన బిగ్ యాంట్ స్టూడియోస్ ‘డాన్ బ్రాడ్‌మన్ క్రికెట్ 14’ తెచ్చింది. లైసెన్సులు లేవని వాళ్లకూ తెలుసు. అందుకని ఆటగాళ్లను అభిమానులే తయారుచేసి, ఆన్‌లైన్‌లో పంచుకుని, దింపుకునే ఏర్పాటు గేమ్‌లోనే పెట్టారు. మన నెట్ సెంటర్లలో దొంగచాటుగా జరిగిన పనికి రాజముద్ర పడినట్టయింది. పేరు తెలియని కుర్రాడిగా మొదలై జాతీయ జట్టు దాకా ఎదిగే కెరీర్ మోడ్ కూడా అందులో ఉంది. నిజానికి ఆటగా చూస్తే ఇది 07 కంటే ఎన్నో మెట్లు పైన. అయినా మన దగ్గర గుండెకు ఎక్కలేదు. కారణాలు మోటువి. రెండు స్టిక్కుల గేమ్‌ప్యాడ్ లేకుండా ఆడటం యాతన. ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ మీద కదలదు. అన్నిటికీ మించి, బ్యాటింగ్ నిజంగా కష్టం. 07లో ఒక షాటు చేతికి చిక్కితే ఈజీ స్థాయిలో ఓవర్‌కు ఆరు సిక్సులు. ఇక్కడ స్వింగయ్యే బంతికి బ్యాటు అడ్డం పెడితే స్లిప్‌లో క్యాచ్. "ఇదేటి బావా, మన ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఆడినట్టే ఉంది, సున్నాకే అవుటైపోతన్నాం" అని ఒకాయన నవ్వేశాడు. ఆ మాటను మెచ్చుకోలుగా తీసుకోవాలో ఫిర్యాదుగా తీసుకోవాలో ఆ కంపెనీయే తేల్చుకోవాలి.

బ్రాడ్‌మన్ 17, యాషెస్ క్రికెట్, క్రికెట్ 19, 22, 24 ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. క్రికెట్ 22 విడుదలను ఆస్ట్రేలియా కెప్టెన్ టిమ్ పెయిన్ రాజీనామా కారణంగా వారం వెనక్కి జరిపారు, కవర్ మీద ఆయన బొమ్మ ఉందని. 2023 అక్టోబరులో వచ్చిన క్రికెట్ 24లో భారత టీ20 లీగ్ జట్లు కొన్ని లైసెన్సుతోనే కనిపించేసరికి ఇక్కడ నిజంగానే హుషారు లేచింది. ప్రపంచకప్ మన దేశంలో జరుగుతోంది, చేతిలో ఉద్యోగం జీతం ఉన్న పాతకాపులు వేలు పోసి కొన్నారు. తీరా చూస్తే అన్ని జట్లూ లేవు. ఫీల్డింగ్ తప్పులు, మధ్యలో ఆగిపోవడాల మీద సణుగుడు. అప్‌డేట్లు వచ్చాయి, కొంత సర్దుకుంది. అప్పటికే సగం గ్రూపు చల్లబడిపోయింది. డబ్బు పెట్టి కొన్న మొదటి క్రికెట్ గేమ్ అదే అయినవాడికి చిరాకు కూడా మొదటిసారే కదా. కాపీ సీడీలో బగ్గు వస్తే నవ్వుకుని వదిలేసినవాడు ఇక్కడ వదల్లేదు.

ఈలోగా అసలు జనం వేరే చోటికి వెళ్లిపోయారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, పలాస నుంచి సాలూరు దాకా ఫోన్లలోకి గేమ్‌లు దిగాయి. చెన్నై నెక్స్ట్‌వేవ్ వారి వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్, నాటిలస్ వారి రియల్ క్రికెట్. ఇప్పుడు ఇంటర్ చదివే కుర్రాడికి క్రికెట్ గేమ్ అంటే ఇవే. కంప్యూటర్ దగ్గర కూర్చోవాల్సిన పనిలేదు, బస్సులో రెండు ఓవర్లు చాలు. వాడి ఫిర్యాదులు వేరు: ప్రతి మ్యాచ్ తర్వాత యాడ్, మంచి బ్యాటు కావాలంటే కాయిన్లు, కాయిన్లు కావాలంటే డబ్బులు. 2025లో నాటిలస్‌లో మెజారిటీ వాటాను పబ్జీ చేసిన కొరియా సంస్థ క్రాఫ్టన్ కొనుక్కుంది. ఇక్కడ డబ్బుందని పెద్దవాళ్లకు ఇప్పుడు అర్థమైంది. 2007లో అర్థం కాలేదు.

2025 చివర యాషెస్ సమయానికి క్రికెట్ 26 కూడా వచ్చింది, యథాప్రకారం ‘07’ ప్రశ్నతోనే స్వాగతం. అన్ని పేర్లూ అసలువిగా ఉన్న భారత గేమ్ ఎందుకు రాదని అడిగేవాళ్లకు చిక్కు ఇది: జాతీయ జట్టు హక్కులు బీసీసీఐవి, ఐపీఎల్ జట్ల పేర్లు, రంగులు ఆయా యజమానులవి, ఆటగాళ్ల మొహాలకు మళ్లీ వేరే బేరం. అన్నీ ఒకచోట కుదర్చాలంటే కంపెనీకి తడిసి మోపెడవుతుంది. ప్యాచ్ చేసే కుర్రాడు వీళ్లలో ఎవర్నీ అడగడు. అందుకే వేలం ముగిసిన కొద్దిరోజులకే వాడి ఫైలు తయారుగా ఉంటుంది, కంపెనీ గేమ్‌లో మాత్రం పోయినేటి జట్టే ఆడుతుంటుంది.